శుక్రవారం, ఉప్పుడబ్బా

త్యూబొరోన్ రేవులో, చేపల వేలంశాల వెనక,
శుక్రవారం సాయంత్రం నాలుగయ్యిందంటే
ఎబ్బే ఉప్పుడబ్బాను ఉత్తరానికి జరుపుతాడు.
విగ్గో ఆవపిండి సీసాను దానికి ఎదురు నిలబెడతాడు.
నీలం గళ్ళ టేబుల్ గుడ్డే సముద్రం.
పంచదార బిళ్ళలు బారులు తీరతాయి.
నేను కాఫీ పోస్తూ, పరధ్యానంలో,
ఒక యుద్ధనౌకను కప్పులో వేసి కలిపేశాను ఓసారి.
"అది ఇంకా మునగలేదు!" అన్నాడు విగ్గో,
నిజంగానే నొచ్చుకుని.

ఇరవై ఏళ్ళుగా ఒకటే పేచీ.
పంతొమ్మిది వందల పదహారు, మే నెల ఆఖరి రోజు,
ఈ కిటికీకి అవతల,
పడవ మీద ఒక రాత్రి దూరంలో
గెలిచిందెవరు?

"ఇంగ్లీషువాళ్ళవి పద్నాలుగు పోయాయి, జర్మన్లవి పదకొండు.
ఒకటో తరగతి లెక్క."
"మర్నాడు పొద్దున నీళ్ళ మీద మిగిలిందెవరు?
రేవులో దూరి తలుపేసుకున్నదెవరు?"
"తలుపుల మాట నువ్వెత్తకు ఎబ్బే!
మందుగుండు గది తలుపులు బార్లా తెరుచుకుని
గబగబా పేల్చాలని ఆత్రపడ్డదెవరు?
ఒక్క మంట కిందికి దిగితే చాలు,
వెయ్యిమంది కాపురమున్న ఊరు
టీ చల్లారేలోపు పొగ."

ఎబ్బేకి వేగమంటే ప్రాణం.
విగ్గోకి ఉక్కు మందం.
తొమ్మిది అంగుళాలు, పన్నెండు అంగుళాలు అంటూ
రొట్టెముక్కల్ని బొటనవేలితో కొలుస్తారు.

రెండో కప్పుకి రెండో యుద్ధంలో దిగుతారు.
బిస్మార్క్‌ను ముంచింది టార్పెడోలా, సొంతవాళ్ళేనా?
జపానువాడి ఓడ, అమెరికావాడి ఓడ,
బతికుండగా ఒకదాన్నొకటి చూసుకోనివి,
వాటినీ తెచ్చి నా టేబుల్ మీద పోట్లాడిస్తారు.
ఓడ ఓడిందా, ఓడించిందా
అని గొంతులు బొంగురుపోయేదాకా.

ఒక సంగతి చెప్పాలి.
ఎబ్బే నలభై ఏళ్ళు పోస్టాఫీసులో ముద్రలు కొట్టాడు.
విగ్గోకి పడవెక్కితే వాంతి.

మూల బల్ల దగ్గర మారెన్ కూచుంటుంది.
వలలు అల్లీ అల్లీ వంకరపోయిన వేళ్ళు.
ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.
ఆ శుక్రవారం మాత్రం, గుడ్డు పెంకు ఒలుస్తూ,
ఎవరూ అడక్కుండానే అంది:

"మా అమ్మ దుప్పట్లు ఆరేస్తోందట.
కిటికీ అద్దాలు గలగలమన్నాయట.
ఉరుమనుకుని దుప్పట్లన్నీ లోపలికి తెచ్చేసింది.
మబ్బు లేదు.
మళ్ళీ తీసుకెళ్ళి ఆరేసింది.

కొన్ని వారాలకి సముద్రం ఒక్కొక్కర్నీ తెచ్చి దించడం మొదలెట్టింది.
ఇసుకలో గొయ్యి తవ్వే పని మా నాన్నది.
తవ్విన గోతికి ఇంత అని కూలి.
ఏ దేశంవాడో రాయాలి, కాయితం ఉంది.
బూట్లు చూస్తే తెలుస్తుందని చెప్పారట పైవాళ్ళు.
బూట్లు లేవు.

నాన్న ఆ గడిలో 'పొడుగరి' అని రాశాడు.
ఇంకొకడికి 'ఎర్రజుట్టు'.
ఇంకొకడికి చాలాసేపు ఆలోచించి
'గోళ్ళు కొరుక్కునేవాడు' అని రాశాడట.
పైవాళ్ళు తిట్టారు.
కూలి మాత్రం ఇచ్చారు."

ఫ్రిజ్ గుర్రుమని ఆగింది.
విగ్గో తన చేతివేళ్ళు బల్ల కిందికి తీసుకున్నాడు.

"ఆ ఉప్పు ఇలా ఇవ్వండి," అంది మారెన్.
"గుడ్డు చల్లారిపోతోంది."

ఎబ్బే ఉప్పుడబ్బా వైపు చూశాడు.
అది దళపతి ఓడ.
లేచి, రెండు చేతులా పట్టుకెళ్ళి ఇచ్చాడు.
ఆమె చల్లుకుంది, తింది, మూతి తుడుచుకుంది,
డబ్బాను తన దగ్గరే ఉంచేసుకుంది.

కోట్లు తొడుక్కుంటున్నారు ఇద్దరూ.
మాటల్లేవు. గాలికి తలుపు తెరుచుకోవడం లేదు,
విగ్గో భుజం పెట్టి నెట్టాడు.
బయట, వానలో, కాసేపటికి వినిపించింది:
"అయినాసరే, ఆ తలుపులు మూసి ఉంటే..."
"మూస్తే పేల్చే వేగం తగ్గదూ?"

పంచదార బిళ్ళలు గిన్నెలోకి ఎత్తాను.
తడిసినవి కొన్ని గుడ్డకి అంటుకుపోయాయి,
గోటితో గీకాల్సి వచ్చింది.

సోమవారం కొట్టుకెళ్ళినప్పుడు
ఇంకో ఉప్పుడబ్బా కొన్నాను.